పంట కాలాన్ని అనుసరించి రైతు కుటుంబ బడ్జెట్, పొదుపు

కుటుంబ వనరుల నిర్వహణ పాఠ్యాంశంలో మనం బోధించే బడ్జెట్ పద్ధతి ప్రధానంగా నెల జీతాన్ని దృష్టిలో ఉంచుకొని రూపొందినది. నెల మొదట ఆదాయం చేతికి వస్తుంది. దానిని ఆహారం, వస్త్రాలు, విద్య, వైద్యం, పొదుపు అనే పద్దుల కింద విభజించి, నెలాఖరున లెక్క సరిచూసుకుంటారు. ఆదాయం పెరిగే కొద్దీ అందులో ఆహారంపై వెచ్చించే వాటా తగ్గుతుందని ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో ప్రతిపాదించిన ప్రసిద్ధ సూత్రం కూడా బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల పరిశీలన నుంచి వచ్చినదే. వేతనంపై జీవించే కుటుంబానికి ఈ చట్రం చక్కగా సరిపోతుంది. సేద్యంపై జీవించే కుటుంబానికి మాత్రం ఇది సరిపడదు. అక్కడ ఖర్చు ప్రతి నెలా ఉంటుంది, ఆదాయం ఏడాదికి రెండు మూడు పర్యాయాలు మాత్రమే వస్తుంది.

ఈ తేడాను గుర్తించకుండా గ్రామ సమావేశాల్లో "ఆదాయంలో పదవ వంతు పొదుపు చేయండి" అని చెప్పడం మనకు అలవాటైంది. రైతులు మర్యాదగా వింటారు, ఆచరణలో పెట్టరు. ఆగస్టులో నాట్లు వేయిస్తున్న రైతుకు ఏ ఆదాయంలో పదవ వంతు? అందువల్ల రైతు కుటుంబం ఎంత సంపాదిస్తోంది అన్న ప్రశ్నతో పాటు, ఏ నెలలో ఎంత డబ్బు అవసరమవుతోంది, ఆ నెలలో అది ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్నను విస్తరణ కార్యకర్త ముందుగా అడగవలసి ఉంటుంది.

ఆదాయ స్వరూపం

జాతీయ గణాంక కార్యాలయం 77వ విడత సర్వే ప్రకారం 2018-19 వ్యవసాయ సంవత్సరంలో దేశంలోని వ్యవసాయ కుటుంబపు సగటు నెలసరి ఆదాయం 10,218 రూపాయలు. ఇందులో పంటల ద్వారా వచ్చినది 3,798 రూపాయలు కాగా, వేతనాలు, కూలి ద్వారా వచ్చినది 4,063 రూపాయలు, పశుపోషణ ద్వారా వచ్చినది 1,582 రూపాయలు. అదే సర్వేలో దేశవ్యాప్తంగా 50.2 శాతం వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నట్లు తేలగా, ఆంధ్రప్రదేశ్‌లో ఇది 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కొక్క వ్యవసాయ కుటుంబంపై సగటు రుణభారం 2,45,554 రూపాయలు.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. "నెలసరి ఆదాయం" అనేది ఏడాది మొత్తాన్ని 12తో భాగించగా వచ్చిన సగటు. ఆ 3,798 రూపాయలు ఏ రైతుకూ నెలనెలా అందవు. పాలు, కూలి డబ్బు మాత్రమే నెలవారీ ఆదాయంతో పోల్చదగినవి. రైతు ఇంటి వంటగది నడిచేది చాలావరకు ఆ డబ్బుతోనే. పంట డబ్బు రాగానే పాత బాకీలకు, పెద్ద ఖర్చులకు వెళ్లిపోతుంది.

ఒక ఊహా కుటుంబం లెక్క

కృష్ణా డెల్టాలో మూడెకరాల సొంత మాగాణి గల కుటుంబాన్ని తీసుకుందాం. సార్వాలో వరి, ఆ వెంటనే కోతకు ముందు చల్లిన మినుము, ఇంటి వద్ద పాడి, తీరిక రోజుల్లో కూలి పని. ఈ అంకెలు లెక్కను వివరించడానికి ఊహించినవి మాత్రమే. ప్రతి గ్రామంలో వాటి స్థానే వాస్తవ అంకెలను చేర్చుకోవాలి.

ఎకరాకు 75 కిలోల బస్తాలు 28 చొప్పున 63 క్వింటాళ్ల ధాన్యం పండిందనుకుందాం. తిండికి 7 క్వింటాళ్లు ఉంచుకొని, మిగిలిన 56 క్వింటాళ్లను 2024-25 సాధారణ రకం మద్దతు ధర 2,300 రూపాయలకు అమ్మితే 1,28,800 రూపాయలు జనవరిలో చేతికి వస్తాయి. మినుము ఎకరాకు 4 క్వింటాళ్ల చొప్పున, క్వింటాలు 7,000 రూపాయల వంతున, మార్చిలో 84,000 రూపాయలు తెస్తుంది. దాణా ఖర్చు పోగా పాల డబ్బు, కూలి కలిపి నెలకు సగటున 5,000 రూపాయలు. ఏడాది మొత్తం రాబడి 2,72,800 రూపాయలు.

ఖర్చుల్లో వరి సాగుకు 78,000, మినుముకు 21,000, ఇంటి ఖర్చు నెలకు 9,000 చొప్పున 1,08,000, జూన్‌లో పిల్లల చదువుకు 30,000, వైద్యానికి 12,000, పండుగలకు, బట్టలకు 10,000. మొత్తం 2,59,000 రూపాయలు. అంటే ఏడాది చివర 13,800 రూపాయల మిగులు. వార్షిక బడ్జెట్ రాసి ఊరుకుంటే ఈ కుటుంబానికి ఏ ఇబ్బందీ లేదనిపిస్తుంది.

ఇదే లెక్కను మూడు నెలల చొప్పున విడదీద్దాం. ఉగాది నాటికి, అంటే మినుము డబ్బు వచ్చి పాత బాకీలు తీరాక, చేతిలో 60,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. నెలవారీ రాబడి పోను ఇంటి ఖర్చుకు నెలకు 4,000 చొప్పున లోటు ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఆ లోటు 12,000, చదువు ఖర్చు 30,000 పోగా జూన్ నెలాఖరుకు నిల్వ 18,000. జూలై నుంచి సెప్టెంబరు వరకు దమ్ము, నాట్లు, ఎరువులకు 50,000, ఇంటి లోటు 12,000, వైద్యం 6,000. నిల్వ పోగా 50,000 రూపాయల అప్పు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వరి కోత, మినుము, దసరా, వైద్యం, ఇంటి లోటు అన్నీ కలిపి మరో 77,000. సంవత్సరాంతానికి అప్పు 1,27,000 రూపాయలకు చేరుతుంది. జనవరిలో ధాన్యం డబ్బు, మార్చిలో మినుము డబ్బు వచ్చాక మాత్రమే ఇల్లు గట్టెక్కి, నిల్వ 73,800 రూపాయలకు వస్తుంది.

వడ్డీ లేకుండా చూస్తే మిగులు అదే 13,800. అయితే ఆరు నెలల పాటు చేతిలో డబ్బు ఆడని ఈ కుటుంబం తన మిగులును నిలబెట్టుకుంటుందా లేదా అన్నది, ఆ 1,27,000 రూపాయలు ఎవరి వద్ద, ఎంత వడ్డీకి దొరికాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది. మొదటి 50,000 సగటున ఐదు నెలలు, తరువాతి 77,000 సగటున రెండు నెలలు వాడుకున్నారనుకుందాం. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే 8,080 రూపాయలు, మూడు రూపాయలైతే 12,120 రూపాయలు వడ్డీకే పోతాయి. ఏడాదికి 7 శాతం చొప్పున బ్యాంకు రుణమైతే సుమారు 2,360, సకాలంలో చెల్లించి 4 శాతానికి అర్హత పొందితే సుమారు 1,350 రూపాయలు సరిపోతాయి. మూడు రూపాయల వడ్డీకి, 4 శాతానికి మధ్య తేడా ఈ ఇంటి మిగులులో నాలుగింట మూడు వంతుల కన్నా ఎక్కువ. ఇంటి ఖర్చులో ఎంత పొదుపరితనం చూపినా ఇంత మొత్తం మిగల్చడం కష్టం. నెలకు 9,000తో గడిచే వంటింట్లో తగ్గించడానికి ఏమి మిగిలి ఉంటుంది?

వ్యవసాయ కుటుంబాల్లో వడ్డీని ఖర్చు కింద రాసుకునేవారు అరుదు. అసలుతో కలిపి కళ్లంలోనే చెల్లు పెట్టడం వల్ల అది కంటికి ఆనదు. బడ్జెట్‌లో వడ్డీకి ప్రత్యేక పద్దు ఉండాలని పట్టుబట్టడానికి ఇదే కారణం.

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితి, దాని హద్దు

1998లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిని లెక్కించే విధానం మన విద్యార్థులకు కూడా సమగ్రంగా తెలియదు. పంటకు నిర్ణయించిన రుణ పరిమాణాన్ని విస్తీర్ణంతో హెచ్చించగా వచ్చిన మొత్తానికి, పంట అనంతర, గృహ, వినియోగ అవసరాల కోసం 10 శాతం, వ్యవసాయ ఆస్తుల మరమ్మతులు, నిర్వహణ కోసం 20 శాతం, ఇంకా బీమా ప్రీమియం కలుపుతారు. అంటే పంట రుణంలోనే ఇంటి ఖర్చుకు కొంత చోటు ఉందని పథకమే అంగీకరిస్తోంది.

పై ఉదాహరణలో రుణ పరిమాణం ఎకరాకు 35,000 అనుకుంటే, పంట భాగం 1,05,000, ఇంటి భాగం 10,500 రూపాయలు. రెండు పంటల సాగు ఖర్చు 99,000 పంట భాగంలో ఇమిడిపోతుంది. జూలై నుంచి డిసెంబరు వరకు ఇంటికి కావలసిన డబ్బు మాత్రం లోటు 24,000, వైద్యం 12,000, పండుగలు 10,000 కలిపి 46,000 రూపాయలు. జూన్ నెలాఖరు నిల్వ 18,000, కార్డులోని ఇంటి భాగం 10,500 పోగా 17,500 రూపాయలకు ఏ ఆధారమూ లేదు. చేబదులు, నగల తాకట్టు, దుకాణంలో ఖాతా, ప్రైవేటు వడ్డీ అప్పు అన్నీ ఈ ఖాళీలోనే పుడతాయి. పంట కోసం తీసుకున్న రుణం ఇంటికి మళ్లుతోందని బ్యాంకు అధికారులు ఫిర్యాదు చేసేది కూడా ఈ 17,500 గురించే. ఆ డబ్బు మళ్లినప్పుడు రెండో దఫా ఎరువు ఎగిరిపోతుంది, లేదా ఎరువుల దుకాణంలో అరువు మొదలవుతుంది.

కార్డును ఉపయోగించే తీరులోనూ నష్టం ఉంది. తీసిన మొత్తంపై, తీసిన రోజులకు మాత్రమే వడ్డీ పడుతుంది. అయినా ఎక్కువ మంది పరిమితి మొత్తాన్ని ఒకేసారి తీసేస్తారు. చేతిలో ఉన్న డబ్బు దమ్ము నాటికి సగం కరిగిపోతుంది. గడువు సమీపించినప్పుడు ప్రైవేటు వ్యక్తి వద్ద కొద్ది రోజులకు అధిక వడ్డీకి తెచ్చి, బ్యాంకులో కట్టి, తిరిగి తీసుకునే పద్ధతి పల్లెల్లో అందరికీ తెలిసినదే. గడువు తేదీని మినుము అమ్మకం తరువాతకు కుదుర్చుకోగలిగితే ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది.

పొదుపు లక్ష్యం ఎంత?

దీనిని బట్టి ఈ కుటుంబపు మొదటి పొదుపు లక్ష్యం 17,500 రూపాయలు. అది ఆదాయంలో ఇంత శాతమని నిర్ణయించినది కాదు. జూలై నుంచి డిసెంబరు వరకు ఇంటిని నడపడానికి తక్కువ పడుతున్న మొత్తం అది. ఉగాది నాటికి 60,000 బదులు 77,500 చేతిలో ఉంటే ప్రైవేటు అప్పు అవసరం రాదు. ఏడాది మిగులు 13,800లో వడ్డీ పోను మిగిలినదానిని కదిలించకుండా ఉంచితే రెండు పంట సంవత్సరాల్లో ఈ ఖాళీ పూడుతుంది. మార్చిలో డబ్బు కనబడగానే మోటారు సైకిలుకో, ఫంక్షన్‌కో తీసినట్లయితే మళ్లీ మొదటికే వస్తుంది. ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి కింద మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయలను ఉద్దేశపూర్వకంగానే పై లెక్కలో చేర్చలేదు. నెలకు 4,000 లోటున్న ఇంటికి అది నెలన్నర లోటును భర్తీ చేస్తుంది.

ఈ లెక్క ఎంత సున్నితమైనదో కూడా చూడాలి. ఎకరాకు నాలుగు బస్తాలు తగ్గితే 9 క్వింటాళ్లు, అంటే 20,700 రూపాయలు పోతాయి. ఏడాది మిగులు కన్నా అది ఎక్కువ. అందుచేత పొదుపు పంట బీమాకు ప్రత్యామ్నాయమని చెప్పడం సరికాదు. చిన్న కమతాల్లో రెండూ ఉండవలసిందే.

పొదుపును ఎక్కడ ఉంచాలన్నదీ ఆదాయ స్వరూపాన్ని బట్టే నిర్ణయించాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలనెలా కట్టవలసినది, ఐదేళ్ల కాలపరిమితి గలది. పాల డబ్బు క్రమంగా వచ్చే ఇంటికి అది తగినది, పంటపైనే ఆధారపడిన ఇంటికి తగదు. మార్చి డబ్బును జూలై, సెప్టెంబరు, నవంబరు నెలల్లో గడువు ముగిసే మూడు చిన్న డిపాజిట్లుగా విడదీసి వేయడం మేలు. వడ్డీ స్వల్పమే, కాని డబ్బు అవసరమైన నెలలోనే చేతికి వస్తుంది. చీటీలకు పల్లెల్లో ఆదరణ ఎక్కువ. నమోదైన చీటీలో నిర్వాహకుని కమీషన్ 2019 సవరణ తరువాత 7 శాతం వరకు ఉండవచ్చు. అదీగాక ఆగస్టు, సెప్టెంబరు వాయిదాలను కట్టడానికి అప్పు చేయవలసి వస్తే చీటీ వేసిన ప్రయోజనమే పోతుంది.

స్వయం సహాయక సంఘాల చరిత్ర ఇక్కడ ప్రస్తావించదగినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తరువాత, రోజుకు ఒక రూపాయి దాచే 'పొదుపు లక్ష్మి' ఆ జిల్లాలో విస్తరించింది. నాబార్డు 1992లో సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని ఆరంభించింది. రోజుకు రూపాయి పద్ధతి నిలబడటానికి ఒక కారణం, అది మహిళల చేతికి తరచుగా వచ్చే చిన్న డబ్బుపై ఆధారపడటం. పాల డబ్బు ఎవరి ఖాతాలో పడుతోంది అన్న ప్రశ్నకు ఇంటి బడ్జెట్‌లో ఎంతో ప్రాముఖ్యం ఉంది. సర్వే పత్రంలో దానికి ఒక గడి కేటాయించడం అవసరం.

సూక్ష్మ రుణాల విషయంలో సగటు లెక్క మరింత ప్రమాదకరం. వారపు వసూళ్లపై వచ్చిన ఆందోళనల అనంతరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2010లో ఆర్డినెన్సు తెచ్చింది. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం కుటుంబపు నెలవారీ రుణ చెల్లింపులు నెలసరి ఆదాయంలో 50 శాతానికి మించరాదు. నిబంధన మంచిదే. అయితే పై కుటుంబానికి సాగు ఖర్చు తీసివేయగా ఏడాది ఆదాయం 1,73,800. దానిని 12తో భాగిస్తే నెలకు సుమారు 14,480, సగం 7,240. ఆగస్టులో ఆ ఇంటికి నిజంగా వచ్చేది 5,000 మాత్రమే.

కౌలుదారులకు ఇదే పట్టికను వేస్తే చిత్రం మారుతుంది. కౌలు చెల్లింపు కొన్నిచోట్ల ముందస్తుగా, కొన్నిచోట్ల పంట వచ్చాక ఉంటుంది. మొదటిదైతే లోటు జూలైకి ముందే ఆరంభమవుతుంది, రెండవదైతే జనవరి రాబడిలో పెద్ద భాగం తరిగిపోతుంది. హక్కు పత్రం లేనివారికి కార్డు అందనందున, పంట భాగం 1,05,000 కూడా ప్రైవేటు వడ్డీలోకే చేరుతుంది. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలకు వెళ్లే విద్యార్థులు సొంతదారు కుటుంబం, కౌలు కుటుంబం ఒక్కొక్కటి ఎంచుకొని, పన్నెండు నెలల జమ, ఖర్చు, నిల్వ, అప్పు, వడ్డీ అనే ఐదు గడుల పట్టికను నింపినట్లయితే, ఆ గ్రామంలో ఏ నెలలో రుణం అందాలో, ఏ నెలలో వసూలు కావాలో శాస్త్రవేత్తలు బ్యాంకు సమావేశంలో అంకెలతో చెప్పగలుగుతారు.