బొగ్గు గ్యాస్ శుభ్రమేనా? ఒక యూరియా బస్తా లెక్క

2025 వానాకాలంలో తెలంగాణ పల్లెల్లో యూరియా కోసం రైతులు చెప్పులు, పాస్‌బుక్కులు వరసలో పెట్టి గంటలు గంటలు ఎదురుచూశారు. ఆ ఫొటోలు చూసినవాళ్లలో చాలామందికి ఒక సందేహం వచ్చే ఉంటుంది. పక్కనే సింగరేణి బొగ్గు ఉంది కదా, యూరియా కోసం ఓడల వైపు ఎందుకు చూడాలి? సందేహం న్యాయమైనదే. 2023-24లో దేశంలో సుమారు 314 లక్షల టన్నుల యూరియా తయారైంది, మరో 70 లక్షల టన్నులు బయటినుంచి తెచ్చుకున్నాం. పదకొండు బస్తాల్లో రెండు విదేశీవే అన్నమాట. ఇక్కడ తయారైన బస్తాల వెనుక ఉన్న సహజవాయువులో కూడా పెద్ద భాగం దిగుమతే.

దీనికి ప్రభుత్వం చూపిస్తున్న దారి బొగ్గు గ్యాసిఫికేషన్, అంటే బొగ్గును పూర్తిగా మండించకుండా గ్యాస్‌గా మార్చడం. 2030 నాటికి ఏటా 10 కోట్ల టన్నుల బొగ్గును ఇలా మార్చాలన్నది లక్ష్యం. ఇందుకోసం 2024 జనవరిలో కేంద్ర కేబినెట్ రూ. 8,500 కోట్ల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. 140 కోట్ల మందికి పంచి చూస్తే తలకు 60 రూపాయలు, నలుగురున్న ఇంటికి దాదాపు 243 రూపాయలు. 45 కిలోల యూరియా బస్తాకు రైతు కట్టే ధర, పన్నులు అవీ కలపకుండా, 242. ప్రతి ఇల్లూ ఒక బస్తా ధర ఈ పనికి పెడుతోందన్నమాట. అంత డబ్బు పెడుతున్నప్పుడు ఏం వస్తుందో, ఏం పోతుందో తెలుసుకోవాలి కదా.

ముందు, ఇందులో జరిగేదేమిటి? కుంపట్లో బొగ్గులు బాగా రాజుకున్నాక పైన సన్నగా నీలిమంట ఆడటం మీరు చూసే ఉంటారు. అడుగున గాలి చాలక బొగ్గు సగమే కాలి కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువవుతుంది. అది పైకొచ్చి గాలి తగలగానే నీలంగా మండుతుంది. గ్యాసిఫయర్ అనే పెద్ద ఉక్కు పాత్రలో ఆ మంటను రానివ్వరు. పద్ధతిని బట్టి 900 నుంచి 1,500 డిగ్రీల వేడిలో, కొలిచి వదిలిన ఆక్సిజన్‌తో, నీటి ఆవిరితో బొగ్గును కలిపితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసిన వాయువు వస్తుంది. దీన్నే సిన్‌గ్యాస్ అంటారు. కరెంటుకు మండించవచ్చు, హైడ్రోజన్‌ను విడదీసి అమ్మోనియా చేయవచ్చు, మిథనాల్ చేయవచ్చు.

ఇది కొత్త విద్యేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు మన రోడ్ల మీద బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనక నిలువు డ్రమ్ములో కర్రబొగ్గు నింపి, క్లీనర్ చేత్తో బ్లోయర్ తిప్పి రాజేస్తే, అందులో పుట్టిన గ్యాస్ గొట్టం గుండా ఇంజనుకు చేరేది. ఎక్కువమందికి తెలియని సంగతి ఇంకొకటుంది. బొగ్గు నుంచి యూరియా తీయడం రామగుండంలో నలభై ఐదేళ్ల కిందటే జరిగింది.

గోదావరిఖని ప్రాంతంలో ఇప్పటికీ ‘ఎఫ్‌సీఐ’ అని పిలిచే ఆ పాత ఎరువుల కర్మాగారంలో 1980 నవంబరులో ఉత్పత్తి మొదలైంది. ఒడిశాలోని తాల్చేరులో దాని జోడు కర్మాగారం వచ్చింది. రెండూ బొగ్గుతోనే నడిచాయి. బొగ్గును మెత్తని పొడిచేసి, ఆక్సిజన్, ఆవిరితో కలిపి గ్యాసిఫయర్‌లోకి ఊదేవారు. రామగుండం సామర్థ్యం ఏడాదికి 4.95 లక్షల టన్నుల యూరియా, అప్పటి 50 కిలోల బస్తాల్లో చెబితే 99 లక్షల బస్తాలు. ఆ అంకెను అది ఎన్నడూ అందుకోలేదు. బొగ్గులో బూడిద ఎక్కువ, కరెంటు సరఫరా నిలకడగా ఉండేది కాదు, యంత్రాలకు మరమ్మతులు తప్పేవి కావు. నష్టాలు పేరుకుపోయి 1999లో మూతపడింది. జోడు కర్మాగారమూ అదే ఏడాది ఆగిపోయింది.

అదే చోట 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టిన ఆర్‌ఎఫ్‌సీఎల్ అనే కొత్త యూరియా కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నులు తీయగలదు. పూర్తి సామర్థ్యంతో నడిచే రోజున 3,850 టన్నులు, అంటే 85 వేల పైచిలుకు బస్తాలు. కానీ అది నడిచేది బొగ్గుతో కాదు, కాకినాడ వైపు మల్లవరం నుంచి పైపులైన్లో వచ్చే సహజవాయువుతో. చుట్టూ గనులుండగా గ్యాస్‌నే ఎంచుకున్నారంటే, బొగ్గుతో పడ్డ పాట్లు ఎంతటివో ఊహించవచ్చు. తాల్చేరులో మాత్రం మళ్లీ బొగ్గునే నమ్ముకున్నారు. బూడిద శాతం తగ్గించేందుకు చమురు శుద్ధిలో అడుగున మిగిలే పెట్‌కోక్‌ను బొగ్గులో కలుపుతారు. 2018 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. 2025 నాటికీ ఉత్పత్తి మొదలుకాలేదు.

ఇక అసలు ప్రశ్న. దీన్ని శుభ్రమైన ఇంధనం అంటున్నారు, నిజమేనా? పొగ విషయంలో నిజమే. బొగ్గును నేరుగా మండిస్తే గంధకం, దుమ్ము, పాదరసం చిమ్నీ దాకా పోతాయి, అక్కడ బోలెడంత గాలిలో కలిసిపోయిన వాటిని పట్టుకోవాలి. గ్యాసిఫికేషన్‌లో మండించకముందే, గ్యాస్ తక్కువ పరిమాణంలో ఉన్నప్పుడే కడిగేయవచ్చు. గంధకాన్ని పసుపుపచ్చని గడ్డలుగా తీసి అమ్ముకోవచ్చు కూడా. గాలి పీల్చే ఊరివాళ్లకు ఇది చిన్న మేలు కాదు.

కర్బనం సంగతి వేరు. దాన్ని బస్తా లెక్కలో చూద్దాం. ఒక యూరియా బస్తాకు దాదాపు 26 కిలోల అమ్మోనియా కావాలి. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క ప్రకారం సహజవాయువుతో కిలో అమ్మోనియా తీస్తే సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. బొగ్గుతో తీస్తే 3.2 కిలోలు. అంటే గ్యాస్ బస్తా వెనుక 47 కిలోలు, బొగ్గు బస్తా వెనుక 83 కిలోలు. తేడా 36 కిలోలు. బొగ్గు కరెంటు యూనిట్‌కు దగ్గరదగ్గర కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి ఈ తేడా పది పదకొండు రోజుల కరెంటుతో సమానం. తాల్చేరు కర్మాగారం నిండుగా నడిస్తే ఏడాదికి 2.8 కోట్ల బస్తాలు. గ్యాస్‌తో పోలిస్తే అదనంగా గాలిలోకి చేరగలిగేది దాదాపు 10 లక్షల టన్నులు.

యూరియా తయారీలోనే కార్బన్ డయాక్సైడ్ వాడతారు కదా అని తెలిసినవాళ్లు అడగొచ్చు. వాడతారు, బస్తాకు దాదాపు 33 కిలోలు. అయితే చల్లిన కొద్ది రోజుల్లోనే మట్టిలో యూరియా విడిపోయి ఆ వాయువు తిరిగి గాలిలోకే వస్తుంది. దాన్ని మిగులు కింద రాసుకోవడానికి వీల్లేదు.

మరి కర్మాగారంలో పుట్టే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి భూమిలో దాచలేమా? దాచగలం. గ్యాసిఫికేషన్‌కు ఉన్న అసలైన బలం ఇదే అని నా అభిప్రాయం. మామూలు థర్మల్ కేంద్రం పొగలో కార్బన్ డయాక్సైడ్ 12 నుంచి 15 శాతమే ఉంటుంది. ఇక్కడ గ్యాస్‌ను శుద్ధి చేసే దశలోనే అది చిక్కగా, దాదాపు స్వచ్ఛంగా విడిపోతుంది. అమెరికాలోని నార్త్ డకోటాలో 1984 నుంచి నడుస్తున్న గ్రేట్ ప్లెయిన్స్ కర్మాగారం లిగ్నైట్ నుంచి గ్యాస్ తీస్తుంది. 2000 నుంచి తన కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగాన్ని 330 కిలోమీటర్ల పైపులైన్లో కెనడాలోని వేబర్న్ చమురు క్షేత్రానికి పంపి, భూమి లోతుల్లోకి ఎక్కిస్తోంది. ఆ ఒత్తిడితో అక్కడ ఇంకొంత చమురు తీస్తారు, ఆ చమురూ కాలుతుంది. అదీ లెక్కలో వేసుకోవాలి. మన దేశంలో ఇంత పెద్ద ఎత్తున పాతిపెట్టే ఏర్పాటు ఇంకా లేదు.

కరెంటు మాటేమిటి? సిన్‌గ్యాస్‌ను టర్బైన్‌లో మండించి, ఆ వేడితోనే ఆవిరి పుట్టించి రెండుసార్లు కరెంటు తీసే పద్ధతిని ఐజీసీసీ అంటారు. జపాన్‌లోని ఫుకుషిమా ప్రాంతంలో 2021లో ఇలాంటివి రెండు, ఒక్కొక్కటి 540 మెగావాట్లకు పైబడినవి, మొదలయ్యాయి. పని చేస్తుందనడంలో సందేహం లేదు. ఖర్చే సమస్య. అమెరికాలోని మిసిసిపీలో కెంపర్ ప్రాజెక్టును 300 కోట్ల డాలర్ల లోపు అవుతుందని మొదలుపెడితే 750 కోట్ల దాకా పోయింది. 2017లో బొగ్గు పక్కనపెట్టి సహజవాయువుకు మారారు. విజయవాడలో బీహెచ్‌ఈఎల్, ఏపీజెన్‌కో కలిసి 125 మెగావాట్ల కేంద్రం కడతామన్నాయి, కట్టలేదు. సౌర విద్యుత్ వేలంలో యూనిట్ మూడు రూపాయల లోపే దొరుకుతున్న రోజుల్లో, కరెంటు కోసం ఈ దారి పట్టడం నాకు సబబుగా తోచదు.

మిగిలింది బూడిద. మన బొగ్గులో అది 30 నుంచి 45 శాతం. విదేశీ గ్యాసిఫయర్లు చాలావరకు ఇంత బూడిదను దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ఈ విషయంలో హైదరాబాద్‌లో మంచి పని జరిగింది. బీహెచ్‌ఈఎల్ పరిశోధన కేంద్రంలో బూడిద ఎక్కువున్న దేశీయ బొగ్గుతోనే రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే నమూనా యూనిట్‌ను 2022 జనవరిలో ప్రారంభించారు. దాని గ్యాసిఫయర్ సామర్థ్యం రోజుకు 1.2 టన్నుల బొగ్గు. చిన్న యూనిటే, కానీ మన బొగ్గుకు మనమే పాత్ర చేసుకోగలమని చూపింది. మనకు కావలసిన మిథనాల్‌లో 90 శాతానికి పైగా దిగుమతే కాబట్టి దాని విలువ తక్కువ కాదు.

నా తీర్పు ఇది. యూరియా, మిథనాల్ లాంటి సరుకుల కోసం, కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి దాచే ఏర్పాటుతో కడితే ఈ డబ్బు దండగ కాదు. ఆ ఏర్పాటు లేకుండా కడితే పొగ తగ్గుతుంది, దిగుమతి తగ్గుతుంది, వాతావరణానికి మాత్రం గ్యాస్ కంటే ఎక్కువ హాని జరుగుతుంది. ఇలాంటి కర్మాగారం మీ ప్రాంతానికి వస్తే, కట్టకముందు చట్టప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. తప్పకుండా వెళ్లండి. బస్తాకు ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని ఎక్కడ పెడతారు, బూడిద ఎక్కడ పోస్తారు అని అడగండి. జవాబులు అంకెల్లో ఇమ్మనండి, వాటిని సభ మినిట్స్‌లో రాయించండి.