కడుపులోని జడ

ఆడపిల్లకు కడుపునొప్పి వచ్చినదనగానే మన గోదావరి సీమ యిండ్లలో ముందుగా చేతికి వచ్చునది ఆముదపు సీసా. అజీర్ణమనియో, నులిపురుగులనియో తలంతుము. కాని ప్రేగులలో అడ్డు పడియున్నపుడు విరేచనపు మందు ప్రాణాపాయమును తెచ్చును. అట్టి యడ్డులలో మిక్కిలి అరుదైన దొకటి కలదు. దాని జాడ వైద్యునికంటె ముందుగా తల్లికి తెలియగలదు గనుక సోదరీమణులకు విన్నవించుచున్నాము.

కొందరు బాలికలు తమ వెండ్రుకలను తామే పెరికి మ్రింగుచుందురు. వెండ్రుక జీర్ణము కాదు. నునుపైనదగుటచే ముందునకు సాగక అన్నకోశపు మడతలలో చిక్కుకొనును. కాలక్రమమున అవి పెనగొని గట్టి యుండ యగును. ఒక్కొక్కప్పుడు దాని కొస చిన్నప్రేగులోనికి జడవలె సాగి దారిని మూయును. ఇట్టి యుండ 1779లోనే వర్ణింపబడినది. జడ సాగిన దానికి 1968లో జర్మను కథలోని నిడుజడల కన్నె పేరిట రపుంజెల్ సిండ్రోమ్ అని పేరిడిరి.

ఈ వ్యాధి గల పిల్ల నాలుగు ముద్దలకే కడుపు నిండినదనును, చిక్కిపోవును, పాలిపోవును. పై కడుపున గడ్డ చేతికి తగులవచ్చును. దారి మూసికొన్నచో నొప్పి తెరలు తెరలుగా వచ్చును; పచ్చని వాంతులగును; కడుపు ఉబ్బును; మలముగాని వాయువుగాని వెడలదు. అప్పుడు నోట ఏమియు వేయక, 108కి ఫోను చేసి వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

ఎక్స్‌రే, స్కానులు అడ్డును చూపును. నోటిగుండ పంపెడి ఎండోస్కోపు గొట్టముతో అన్నకోశములోని వెండ్రుకలను కంటితో చూడవచ్చును. అయినను పిల్ల జుట్టు తినునన్న మాట చెప్పనిదే వైద్యునికి ఆ యనుమానము కలుగకపోవచ్చును. పెండ్లి కావలసిన పిల్ల, నలుగురేమందురో యని దాచుట రోగనిర్ణయమునకు పెద్ద ఆటంకము.

పెద్ద యుండను సాధారణముగా శస్త్రచికిత్సచే తీయుదురు. అంతటితో పని ముగియదు. ఈ యలవాటు కొంటెతనము కాదు, మనసునకు సంబంధించిన బాధ. తిట్టినను కొట్టినను మానదు. మానసిక వైద్యము చేయింపనిచో ఉండ మరల చేరవచ్చును. కాకినాడలో 1958లో స్థాపింపబడిన రంగరాయ వైద్య కళాశాలకు చెందిన ప్రభుత్వాసుపత్రిలో ఈ రెండు విధముల వైద్యులును కలరు.

తలంటి నాడు పాయలు తీయునపుడు ఒకచోట జుట్టు పలుచబడినను, పొట్టి వెండ్రుకలు తగిలినను కసరక మెల్లగా అడుగుడు. బిడ్డ చెప్పిన మాటను దాచక వైద్యునికి చేర్చినచో రోగనిర్ణయము సగమైనట్లే.