ఎండలో నుంచి నీడలోకి

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన మెరిన్ అనే కొండప్రాంతం ఉంది. 1970వ దశకంలో అక్కడి యువకులు కొందరు లావుపాటి టైర్లున్న పాత సైకిళ్లను బాగుచేసుకొని, కొండమీది మట్టిదారుల వెంట వేగంగా కిందికి దిగేవారు. 1976లో ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర ఇటువంటి దారి ఒకదానిలో పందేలు మొదలయ్యాయి. దిగేసరికి బ్రేకు వేడెక్కి, అందులోని గ్రీజు కాలి పొగ వచ్చేది. పందెం కాగానే మళ్లీ గ్రీజు కూరుకోవలసి వచ్చేది. అలా కూరడాన్ని ఇంగ్లీషులో ‘రీప్యాక్’ అంటారు. ఆ దారికి అదే పేరు స్థిరపడింది. ఈ కొండసైకిలు పందెం 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో చోటు సంపాదించుకుంది.

బ్రేకులు అప్పటికన్నా ఎంతో మెరుగయ్యాయి. కాని కొండదారిలో ఎండ, నీడ మారుతూ ఉండటం ఎవరూ మార్చలేనిది. బట్టబయలు వాలు మీద కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ; మలుపు తిరగగానే దట్టమైన చెట్ల నీడ. మిట్టమధ్యాహ్నం సైకిలు మీద వచ్చి మామిడితోపులోకి దూరిన వారికి ఒక్క క్షణం ఏమీ కనిపించకపోవడం అనుభవమే కదా! గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు ఒక్క సెకనులో 8 మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఆ 8 మీటర్లలో ఒక రాయో, అడ్డంగా పాకిన చెట్టువేరో ఉంటే చాలు, సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు పడతారు.

దీనికి కారణం కంటి నిర్మాణంలోనే ఉంది. కంటిపాప ఎండలో సుమారు 2 మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకటిలో 7, 8 మిల్లీమీటర్ల వరకు విచ్చుకుంటుంది. అయితే వెలుతురుకు ముడుచుకున్నంత త్వరగా చీకటికి విచ్చుకోదు. ఇక కంటి లోపలి పొర చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

కళ్లద్దాలు కొనేవారు సాధారణంగా ఎండను తలచుకొని కొంటారు. అద్దం ఎంత నల్లగా ఉంటే అంత మంచిదనుకుంటారు. కొండదారిలో ఈ లెక్క తలకిందులవుతుంది. ఎండ ఎక్కువైతే కళ్లు చిట్లించుకోవచ్చు. నీడలో కనిపించకపోతే చేయగలిగింది ఏమీ లేదు. కనుక దారిలో అన్నిటికన్నా చీకటిగా ఉండే చోటును బట్టి అద్దాన్ని ఎంచుకోవాలి.

చలువ కళ్లద్దాలను అవి లోపలికి రానిచ్చే వెలుతురును బట్టి 0 నుంచి 4 వరకు తరగతులుగా విభజించారు. 0 తరగతి అద్దం నూటికి 80 పాళ్లకు మించి వెలుతురును రానిస్తుంది. 1వ తరగతి 43 నుంచి 80 పాళ్లు, 3వ తరగతి 8 నుంచి 18 పాళ్లు మాత్రమే రానిస్తాయి. 4వ తరగతి మంచుకొండల వంటి చోట్లకు తగినది. దాన్ని పెట్టుకొని వాహనం నడపకూడదు. ఎండలో తిరగడానికి చాలామంది వాడే 3వ తరగతి అద్దం అడవిదారిలో ప్రమాదకరం. అక్కడ 1వ తరగతి అద్దమో, రంగులేని తెల్ల అద్దమో మేలు.

వెలుతురును బట్టి తనంతట తానే రంగు మారే అద్దాలు కూడా ఉన్నాయి. 1960వ దశకంలో అమెరికాలోని కార్నింగ్ సంస్థ శాస్త్రవేత్తలు గాజులో వెండి లవణాల సూక్ష్మ స్ఫటికాలను చేర్చి వీటిని తయారుచేశారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అద్దం నల్లబడుతుంది; అవి తగ్గితే మళ్లీ తేటపడుతుంది. నేటి ప్లాస్టిక్ అద్దాలలో ఈ పనికి వేరే రసాయనాలు వాడుతున్నారు. ఈ అద్దాలు త్వరగానే నల్లబడతాయి కాని, తేటపడటానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. చలిలో ఇంకా ఆలస్యం. పొద్దుటి మంచు విడిచి ఎండెక్కే వేళకు ఇవి చక్కగా సరిపోతాయి. రెండు మూడు సెకన్లలో దాటిపోయే చెట్టునీడకు మాత్రం అందుకోలేవు. వ్యాపార ప్రకటనలు ఈ సంగతిని అంత గట్టిగా చెప్పవు.

అద్దం రంగు సంగతీ చూడాలి. పసుపు, తేనె, గులాబి రంగుల అద్దాలు నీలి వెలుతురును తగ్గించి, నేలమీది ఎగుడుదిగుడులను స్పష్టంగా చూపుతాయి. బూడిదరంగు అద్దంలో రంగులు ఉన్నవి ఉన్నట్లు కనిపిస్తాయి. నీటిమీది తళతళను అణచే ధ్రువణ కటకాలు పడవవారికి మంచివి. కాని తడిసిన రాయి జారుతుందని సైకిలువానికి తెలిపేది ఆ తళతళే. అది కనిపించకుండా చేసుకోవడం ఎందుకు?

మన వాడుకలో చలువ కళ్లద్దాలన్నీ గాగుల్సే. ఈ పందేలవారికి మాత్రం రెండూ వేరు. ముఖమంతా కప్పే శిరస్త్రాణంతో నిటారు వాలు దిగేవారు కళ్ల చుట్టూ అంటుకుని ఉండే గాగుల్స్ పెట్టుకుంటారు. దుమ్ము, బురద లోపలికి రావు. ఎక్కుతూ దిగుతూ పోయేవారికి తేలికైన కళ్లద్దాలే నయం. ఎక్కేటప్పుడు చెమటకు, ఊపిరికి గాగుల్స్ లోపల ఆవిరి పడుతుంది. రెండింటిలోనూ అద్దం గాజుది కాకుండా పాలీకార్బనేటుది కావాలి. రాయి ఎగిరి తగిలినా అది సులభంగా పగలదు. అతినీలలోహిత కిరణాలనూ ఆపుతుంది. అయితే త్వరగా గీతలు పడుతుంది. బురద పడితే చొక్కా కొంగుతో తుడవకుండా ముందు నీళ్లు పోసి కడిగి, ఆ తర్వాత మెత్తని బట్టతో అద్దాలి.