ఐఎస్ఐ స్టిక్కర్ ఉంటే చాలా?

మిర్చి యార్డుకి బండి మీదే వెళ్లే మా బాబాయ్ మొన్న చిలకలూరిపేట దగ్గర హైవే పక్కన హెల్మెట్ కొన్నారు. "పోలీసులు ఆపకపోతే చాల్లేరా" అన్నారు. వెనకున్న ఐఎస్ఐ స్టిక్కర్ గోటితో గీకితే ఊడొచ్చింది!

2021 జూన్ 1 నుంచి బీఐఎస్ లైసెన్స్ లేని బైక్ హెల్మెట్ అమ్మడమే నేరం. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబర్ ఉండాలి. ఆ నంబర్ బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరుతో సహా వస్తుంది. బాబాయ్‌ది కొడితే ఏమీ రాలేదు.

లోపల మెత్తటి స్పాంజి కింద గట్టి థర్మోకోల్ లాంటి పొర ఉండాలి. పడ్డప్పుడు అది నలిగి, తలకి తగిలే దెబ్బని తగ్గిస్తుంది. అందుకే ఒకసారి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ మళ్లీ పెట్టుకోకూడదు. బాబాయ్ దాంట్లో ఉన్నది ఉత్త స్పాంజే. ఇప్పుడది మా పిన్నికి కోడిగుడ్ల బుట్ట.