హోటలు మూతపడిన నాటి జమాఖర్చులు

పూటకూటియిల్లు మన తెలుగునాట నిన్న మొన్న పుట్టినది కాదు. క్రీడాభిరామము చదివిన సోదరీమణులు ఓరుగంటి పూటకూటియింటి భోజనవైభవము నెఱుగుదురు. నాడు రూక చెల్లించి భుజించినవారు గాని, నేడు హోటలులో ఇడ్డెనలు తినువారు గాని ఆ పొయ్యి వెనుకనున్న చిట్టాను తలంచుట అరుదు. 2020 వ సంవత్సరమున కరోనా మహమ్మారి వచ్చి హోటళ్ల తలుపులు మూయించినపుడు, ఆ వ్యాపారము ఎంత కొద్ది నిలువపై నడచుచుండెనో అందఱకు తెలియవచ్చెను. హోటలు లెక్కయు మన వంటింటి లెక్కకు అక్కచెల్లెలే గనుక ఆ వృత్తాంతమును సోదరీమణులకు విన్నవించుచున్నాము.

ఆ యేడు మార్చి 25 వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. హోటళ్లలో కూర్చుండి భుజించుటకు కేంద్రప్రభుత్వము మరల అనుమతించినది జూన్ 8 వ తేదీ మొదలు. నడుమ వండి యిండ్లకు పంపుట తప్ప వేఱు దారి లేకపోయెను. హైదరాబాదు హలీము తయారీదారులు ఆ రంజానున హలీము వండబోమని తీర్మానించుకొనిరి. జాతీయ రెస్టారెంటు సంఘమువారి అంచనా ప్రకారము, 2019-20 లో సుమారు 4 లక్షల 23 వేల కోట్ల రూపాయలుగా నున్న భోజనవ్యాపారము మఱుసటి యేట సుమారు 2 లక్షల కోట్లకు పడిపోయెను. నాలుగింట నొకవంతు రెస్టారెంటులు మరల తెఱువబడనే లేదు.

ఇంత నష్టమెట్లు కలిగెను? హోటలు ఖర్చులు రెండు విధములు. బియ్యము, పప్పు, నూనె, గ్యాసు మొదలగునవి వండిననాడే అగు ఖర్చులు. అద్దె, జీతములు, బ్యాంకు వాయిదా అనునవి వండినను వండకున్నను తప్పనివి. నెలకు 2 లక్షల అమ్మకము గల చిన్న హోటలు నొకదానిని ఊహింతము. సరకులకు 80 వేలు, జీతములకు 50 వేలు, అద్దెకు 20 వేలు, వాయిదాకు 15 వేలు, కరెంటు మున్నగువానికి 10 వేలు పోగా 25 వేలు మిగులుననుకొందము. తలుపు మూసిననాడు సరకుల ఖర్చు లేదు. కరెంటు 3 వేలకు తగ్గును. అయినను జీతములు, అద్దె, వాయిదా, ఆ కరెంటు కలిసి నెలకు 88 వేలు చేతినుండి పోవును. అనగా నొక్కనెల మూత మూడున్నర నెలల లాభమును మ్రింగివేయును. జీతములు సగము చేసినచో 25 వేలు కలిసివచ్చును గాని, ఆ భారము పనివారి పొయ్యిమీద పడును.

మూతపడుట యన నేమో మా వాడరేవువారికి ఒకరు చెప్పనక్కఱలేదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. ఆ తేదీలు ముందే తెలియును గనుక బెస్తయిండ్ల ఇల్లాండ్రు ఎండుచేపలు నిలువచేయుదురు, చీటీలు వేయుదురు, ఉన్నంతలో సరిపెట్టుదురు. 2020 లో లాక్‌డౌను వలన అదివఱకే వేట దినములు పోయినందున ఆ నిషేధమును మే 31 కే ముగించి 47 దినములు చేసిరి. మహమ్మారికి మాత్రము తేదీలు లేవు. ఆదివారములందును కార్తికమాసమందును సముద్రస్నానమునకు వచ్చువారిని నమ్ముకొన్న తీరపు కొట్లకు ఎన్నినాళ్లు ఓర్వవలెనో చెప్పగలవారే లేకపోయిరి.

పెద్ద కంపెనీలు ఈ గండమును గడచిన దారులు కొన్ని కలవు. మొదటిది, భోజనము నింటికి పంపుట. డామినోసు వంటి పిజ్జా కంపెనీలకు ఇది ముందే అలవాటు. తక్కినవారు స్విగ్గీ, జొమాటోల నాశ్రయించిరి. ఆ మధ్యవర్తుల కమీషను పలుచోట్ల నూటికి ఇరువది మొదలు ఇరువదియైదు వఱకు ఉండుటచే అమ్మకము పెరిగినంతగా లాభము పెరుగలేదు. రెండవది, ఇంటి యజమానులతో మాటలాడి, స్థిరమైన అద్దెకు బదులు అమ్మకములో భాగ మిచ్చుట. మూడవది, ప్రజలకు షేర్లు విక్రయించి మూలధనము తెచ్చుకొనుట. బర్గర్ కింగ్ వారి భారత కంపెనీ 2020 డిసెంబరులోను, బార్బెక్యూ నేషన్ 2021 మార్చిలోను ఇట్లే చేసినవి.

నాలుగవది ఋణము. రిజర్వుబ్యాంకు 2020 మార్చి మొదలు ఆగస్టు వఱకు ఆఱునెలలు వాయిదాల చెల్లింపునకు గడువిచ్చెను. ఇది మాఫీ యని భ్రమపడినవారు పలువురు. 3 లక్షల అప్పుపై నూటికి 12 వంతున నెలకు 3 వేల వడ్డీ. ఆఱునెలలకు 18 వేలు నడచుచునే యుండును. ఆ గడువు కాలమున వడ్డీపై వడ్డీ వేయరాదని సుప్రీముకోర్టు 2021 మార్చి 23 న తీర్పు చెప్పెను గాని, అసలు వడ్డీ తప్పలేదు.

షేర్లు విక్రయింపలేని బండివారి గతి యేమి? వీధి వర్తకులకు 2020 జూన్‌లో కేంద్రము స్వనిధి యను పథకమున 10 వేల ఋణమును, నవంబరులో మన రాష్ట్రము జగనన్న తోడు పేర వడ్డీలేని 10 వేలను ఏర్పఱచినవి. అవి చాలనిచోట మిగిలినది ఇల్లాలి మెడలోని బంగారము. ఆ ఆగస్టులో రిజర్వుబ్యాంకు, బంగారము విలువలో నూటికి 75 వంతులకు బదులు 90 వంతుల వఱకు బ్యాంకులు అప్పీయవచ్చునని 2021 మార్చి ఆఖరు వఱకు సడలింపు చేసెను. ఎక్కువ అప్పు చేతికి వచ్చును, నిజమే. కాని తీర్చలేనినాడు నగ వేలమునకు పోవుటయు నంతే నిజము.

ఇచ్చట ధర్మశాస్త్రమును స్మరింపవలసియున్నది. కఱవునందును వ్యాధియందును భర్త తీసికొన్న స్త్రీధనమును తిరిగి యీయనక్కఱలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పినది. సుప్రీముకోర్టు 2024 ఏప్రిలులో నిచ్చిన తీర్పు మఱొక మెట్టెక్కినది: స్త్రీధనము భార్యసొత్తే, ఆపదలో భర్త వాడుకొనవచ్చును గాని, దానినో దాని విలువనో తిరిగి యిచ్చు నైతికబాధ్యత అతనికి కలదు.

మే మెఱిగిన ఒక యిల్లాలు, భర్తతో కలిసి టిఫిను కొట్టు నడపునామె, ఆ యేడు అద్దె బకాయికై తన గాజులు కుదువబెట్టెను. పెట్టుటకు ముందు కొట్టు చిట్టాలోనే "కొట్టు నాకు బాకీ" యని తూకముతో సహా వ్రాయించి భర్తచే చేవ్రాలు చేయించెను. చుట్టుప్రక్కలవారు నవ్విరి. కొట్టు తిరిగి తెఱచిన పిమ్మట అద్దెతోపాటు ఆ బాకీయు నెలనెల చెల్లుచు వచ్చి, రెండేండ్లకు గాజులు ఇల్లు చేరెను. వ్రాయనిచో ఆ బాకీ యెవరికిని జ్ఞాపకముండెడిది కాదని ఆమెయే మాతో ననెను.

కావున వ్యాపారము గల యిండ్ల సోదరీమణులకు మా మనవి యిది. తలుపు మూసినను తప్పని ఖర్చు నెలకెంతయో వేఱుగా వ్రాసికొనుడు. అట్టి మూడునెలల మొత్తమును లాభములోనుండి కొంచెము కొంచెముగా తీసి విడిగా దాచుడు. ఇంటి చిట్టాను, కొట్టు చిట్టాను కలుపకుడు. మీ బంగారము కొట్టునకు పోవలసివచ్చినచో సంతోషముగానే యిండు. కాని అది కానుకగా గాక అప్పుగా చిట్టాకెక్కవలెను.