చిన్న క్యాబినెట్ కొంటున్నారా? ముందు పక్క తలుపు తీయించి చూడండి

చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్.పి. రోడ్‌లోనో విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు. గదులు చిన్నవి, బల్లలు చిన్నవి. అందుకని పిల్లలు ఇప్పుడు చిన్న క్యాబినెట్ కావాలంటున్నారు.

మేమూ నిరుడు ఎండాకాలం ఒకటి కొన్నాం. మా గ్రాఫిక్స్ కార్డు పొడవు 267 మిల్లీమీటర్లు. పెట్టె మీద 280 వరకు పడుతుందని ఉంది. తీరా ఇంటికొచ్చి చూస్తే, అది ముందు ఫ్యాను లేనప్పటి లెక్క. ఫ్యాను మందం 25 తీసేస్తే మిగిలింది 255. చేసేదేముంది, ఫ్యాను పీకేసి కార్డు పెట్టాం. చెన్నై ఎండకు డబ్బా పొయ్యిలా కాలింది. విప్పిన సరుకు దుకాణం వాళ్లు వెనక్కి తీసుకోలేదు.

ముందుగా చూడాల్సింది ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ కూర్చుంటుందన్నది. మామూలు ఏటీఎక్స్ రకం వెడల్పు 150, ఎత్తు 86, పొడవు 140 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చవక రకం చిన్న క్యాబినెట్లు కొన్నిటిలో దీన్ని సరిగ్గా ప్రాసెసర్ నెత్తిన అడ్డంగా బిగిస్తారు. దాంతో కూలర్‌కు ఎత్తు దొరకదు, అక్కడి వేడిగాలినంతా ఎస్‌ఎంపీఎస్ పీల్చుకుంటుంది. ఎస్ఎఫ్ఎక్స్ రకమైతే 125 వెడల్పు, 63.5 ఎత్తు, 100 పొడవు. ధర ఎక్కువే, కానీ లోపల చోటు మిగులుతుంది.

అమరిక బాగుంటే ఎలా ఉంటుందో చూడాలంటే 2020లో వచ్చిన కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 మంచి ఉదాహరణ. మొత్తం 18.25 లీటర్ల డబ్బా. 170 మిల్లీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ బోర్డు వెనకవైపు, ఎస్ఎఫ్ఎక్స్ ఎస్‌ఎంపీఎస్ ముందువైపు. ప్రాసెసర్ మీద అడ్డేమీ లేదు కనుక 155 మిల్లీమీటర్ల ఎత్తు కూలర్ కూడా పడుతుంది. 330 పొడవు కార్డు దిగుతుంది. కార్డు ఫ్యాన్లు అడుగున ఉన్న జల్లెడ రేకు వైపు తిరిగి ఉంటాయి, బయటి చల్లగాలి నేరుగా అందుతుంది. అయితే అడుగున కాళ్లు పొట్టివైతే ఈ లాభం సగం పోతుంది, అదీ చూసుకోవాలి.

బోర్డు ఒకవైపు, కార్డు దాని వీపుకు ఆనించి మరోవైపు ఉండే శాండ్‌విచ్ అమరిక ఇంకా సన్నం. కానీ రైజర్ కేబుల్ కావాలి, కూలర్ పొట్టిది వెతుక్కోవాలి. మొదటిసారి బిగించేవారికి మేం చెప్పం.

కార్డు పొడవుతో పాటు వెడల్పూ అడగండి. పవర్ వైరు దాని అంచున గుచ్చుకుని వంగడానికి 3, 4 సెంటీమీటర్లు కావాలి. ఆ చోటు లేకపోతే పక్క తలుపు వైరును నొక్కేస్తుంది. దుమ్ము జాలీ విప్పకుండా బయటికి వస్తుందా లేదా చూడండి. దుకాణానికి టేపు పట్టుకెళ్లండి, సిగ్గుపడక్కర్లేదు.

మా పాత డబ్బాలో ఇప్పుడు కార్డు లేదు. ఇంటి లెక్కలు రాసుకోవడానికి పనికొస్తోంది.