దించారు సరే... షాక్ తగలదా?

పాత అంబాసిడర్‌నో, పద్మినినో ముస్తాబు చేసి రెండంగుళాలు కిందికి దించితే ఆ అందమే వేరు. కానీ కాలువగట్టు మీద ఆ అందాన్నీ, అందులో కూర్చున్నవాళ్లనూ కాపాడేది తళతళలాడే రంగు కాదు... చక్రం వెనక ఎవరికీ కనపడకుండా పనిచేసే షాకబ్జార్బరు. మరి దాన్ని ఎంచుకునేదెలా?

పూలదండలు వేసుకుని పెళ్లింటి ముందు ఆగిన తెల్ల అంబాసిడర్‌ను చూస్తే కుర్రకారు సైతం ఫోన్లు తీసి ఫొటోలు తీసుకుంటున్నారు. రాజమండ్రి, తణుకు, భీమవరం, అమలాపురం... ఒకప్పుడు ఎక్కడ చూసినా ఆ కార్లే. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 1950ల చివర్లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగిపోయింది. మనవాళ్లంతా ‘ఫియట్’ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని అంతకు పదేళ్లకు పైగా ముందే ఆగింది. ముంబయిలో ఆఖరి పద్మిని ట్యాక్సీ కూడా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. కొత్తది ఇక రాదు. అందుకే ఉన్నదాని మీద అంత మోజు!

ఆ మోజులో పుట్టిన ముచ్చటే కారును కిందికి దించడం. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఖాళీ తగ్గితే కారు నేలను అంటిపెట్టుకున్నట్టు కనిపిస్తుంది. బరువు కిందికి రావడంతో మలుపుల్లో ఒరగడమూ కాస్త తగ్గుతుంది. అంతవరకూ బాగానే ఉంటుంది. తీరా రోడ్డెక్కాక అసలు కథ మొదలవుతుంది. స్పీడ్‌బ్రేకరు దగ్గర ‘దడ్’మని శబ్దం, గుంతలో పడితే నడుముకి దెబ్బ. ‘షాకులు పోయినట్టున్నాయి, బాగా గట్టివి వేయిద్దాం’ అని షాపుకి పరిగెడతాం. అక్కడే పొరపాటు జరుగుతుంది.

మోసేది ఒకటి... ఆపేది ఇంకొకటి!

కారు బరువును షాకబ్జార్బరు మోస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మోసేది స్ప్రింగు. అంబాసిడర్ వెనక చక్రాలకు కమాను కట్టలు, ముందు చక్రాలకు మెలిపడుతూ బరువు మోసే టార్షన్ బార్లు ఉంటాయి. పద్మినికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనక కమాను కట్టలు. కారు ఎత్తును నిర్ణయించేవి ఇవే.

గుంతలో నొక్కుకున్న స్ప్రింగు తిరిగి లేస్తుంది. అడ్డు లేకపోతే ఉయ్యాలలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడమే షాకబ్జార్బరు పని. గొట్టంలో నూనె, అందులో సన్నటి దారులున్న పిస్టన్... చక్రం కదిలినప్పుడల్లా నూనె ఆ ఇరుకు దారుల్లోంచి దూరాలి. ఊపులోని శక్తి అలా వేడిగా మారిపోతుంది. గతుకుల రోడ్డు మీద నడిచి వచ్చిన కారు షాకబ్జార్బరు వేడెక్కేది అందుకే.

కాబట్టి షాకులు మార్చి కారును దించలేం. దించిన కారుకి సరిపడే షాకులను మాత్రం వెతుక్కోవాలి.

ఖాళీ ఎంత మిగిలింది?

కారు ఆగి ఉన్నప్పుడు వెనక ఇరుసుకీ, పైనున్న బంపు రబ్బరుకీ మధ్య మూడున్నర అంగుళాల ఖాళీ ఉందనుకుందాం. రెండంగుళాలు దించితే మిగిలేది ఒకటిన్నరే. కమాను కట్ట గట్టిదనం మాత్రం మారలేదు. ఇదివరకు మూడున్నర అంగుళాల్లో మింగిన గతుకును ఇప్పుడు ఒకటిన్నరలో మింగాలి. ఎలా కుదురుతుంది? ఇరుసు వెళ్లి రబ్బరును గుద్దుతుంది. ‘దడ్’ అన్నది ఆ శబ్దమే. పాపం, షాకబ్జార్బరు తప్పేమీ లేదు.

అప్పుడు కొందరు ఖాళీ కోసం బంపు రబ్బరును కోసేస్తారు. ఇది మరీ ప్రమాదం. రబ్బరు లేకపోతే ఇరుసు ఇంకా పైకి వెళ్తుంది. పాత పొడవున్న షాకబ్జార్బరులోని పిస్టన్ అడుగును గుద్దుకుంటుంది. కొన్నాళ్లకు లోపలి వాల్వు చితుకుతుంది, నూనె కారుతుంది, చివరికి షాకును పట్టి ఉంచే బ్రాకెట్టే పగులుతుంది. విరిగిన షాకు కొత్తది దొరుకుతుంది. పగిలిన ఛాసిస్ ఎక్కడ దొరుకుతుంది?

టేపు పట్టుకోండి

షాపుకి వెళ్లేముందు మూడు కొలతలు తీసుకోవాలి. కొలవాల్సింది షాకబ్జార్బరు పై బోల్టు నుంచి కింది బోల్టు దాకా. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు తప్పనిసరి.

మొదటిది: కారు లేపి, చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పటి కొలత. షాకబ్జార్బరు సాగే పొడవు దీనికన్నా కాస్త ఎక్కువే ఉండాలి. లేకపోతే చక్రం బరువంతా దాని మీదే వేలాడుతుంది.

రెండోది: ఎప్పుడూ ఎక్కేంత మంది కూర్చుని, కారు నేల మీద ఉన్నప్పటి కొలత. ఈ స్థితిలో పిస్టన్ దాదాపు మధ్యలో ఉండాలి.

మూడోది: బంపు రబ్బరు పూర్తిగా నొక్కుకున్నప్పటి కొలత. వెనక చక్రాలకైతే చిన్న లెక్క చాలు. రెండో కొలత పదమూడు అంగుళాలు, రబ్బరు దాకా ఖాళీ ఒకటిన్నర, రబ్బరు మందం ఒక అంగుళం అనుకుందాం. రబ్బరు సగం నలుగుతుంది కాబట్టి 13లోంచి ఒకటిన్నర, మరో అర తీసేస్తే 11. షాకబ్జార్బరు పూర్తిగా ముడుచుకున్న పొడవు అంతకన్నా కనీసం అర అంగుళం తక్కువ... అంటే పదిన్నర మించకూడదు.

ముందు చక్రాలకు ఈ లెక్క పనికిరాదు. అక్కడ చక్రం రెండంగుళాలు కదిలితే షాకు అంత కదలదు. కింది చేతిని జాకీతో లేపి నేరుగా కొలవాల్సిందే. పద్మినిలాంటి కార్లలో ఇంకో జాగ్రత్త ఉంది. చుట్ట స్ప్రింగును కోయించి దించితే, చక్రం వేలాడినప్పుడు అది గిన్నెలో వదులవ్వకూడదు. వదులైతే ఆ కారు రోడ్డెక్కకూడదు.

గట్టిదే మంచిదా?

ఇక్కడ మన రోడ్ల సంగతి చెప్పుకోవాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు అల్లుకున్నాయి. చాలాచోట్ల ఆ గట్లే మన రోడ్లు. రాజమండ్రి నుంచి కాకినాడకు కెనాల్ రోడ్డులో వెళ్లినవారికి తెలుసు... పక్కనే నీళ్లు, ఊరూరా స్పీడ్‌బ్రేకర్లు. కింద తడికి ఉబ్బి ఎండకు కుంగే బంకమట్టి కావడంతో రోడ్డు అలలు అలలుగా లేచి ఉంటుంది. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం!

ఇలాంటి రోడ్డు మీద మరీ గట్టి షాకబ్జార్బరు వేస్తే ఏమవుతుంది? నొక్కుకున్న స్ప్రింగు తిరిగి సాగేలోపే ఇంకో గతుకు వస్తుంది. దాని తర్వాత మరొకటి. కారు లేవడానికి తీరిక లేక కిందికే కుంగుతూ పోయి, చివరికి బంపు రబ్బరు మీద కూర్చుంటుంది. టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. రోడ్డును వదిలిన టైరుకి బ్రేకూ ఉండదు, స్టీరింగూ ఉండదు. పక్కన కాలువ!

మరీ మెత్తనిదైతే ఊగుడు ఆగదు. కాబట్టి స్ప్రింగుకి తగ్గ షాకే సరైనది. స్ప్రింగు గట్టిదనం రెట్టింపైతే షాకు బలం దాదాపు 1.4 రెట్లు పెరిగితే చాలు, రెట్టింపు అక్కర్లేదు. బిగువు మార్చుకునే రకం కొంటే ముందు అతి మెత్తగా పెట్టి, మీరు రోజూ వెళ్లే రోడ్డులో నడిపి, ఊపు ఆగేదాకా కొద్దికొద్దిగా బిగించుకోవాలి.

ఇక నూనెదా, గ్యాసుదా? వరుస గతుకుల్లో నూనె నురగ కడితే షాకు పట్టు తప్పుతుంది. తక్కువ పీడనంలో నైట్రోజన్ నింపిన రెండు గొట్టాల రకంలో ఆ బాధ తక్కువ. మన వాడకానికి అది చాలు. ఫ్రెంచి ఇంజినీరు ద కార్బన్ 1950ల్లో రూపొందించిన ఒంటి గొట్టం రకం వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది. కానీ రాయి తగిలి గొట్టం సొట్టపడితే అంతే సంగతులు. పైగా లోపలి పీడనం కారును కాస్త పైకి నెడుతుంది.

ఏదైనా సరే, ఒకే ఇరుసుకి రెండువైపులా కలిపే మార్చాలి. బుష్షులు కొత్తవి వేయించాలి. కారును నేలకు దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బోల్టులు పూర్తిగా బిగించాలి. ఆపైన వీల్ అలైన్‌మెంట్ మరవొద్దు. కారు మూలను గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగితే పని ఇంకా మిగిలినట్టే.

ఆర్సీ కూడా చూసుకోండి

కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారుకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ దొరకాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. కాబట్టి ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మేలు. ఛాసిస్‌కు కోతలు, వెల్డింగులు వద్దు. బోల్టులు విప్పితే మళ్లీ మొదటికి వచ్చే మార్పు అయితేనే చేయించండి.

లెక్కలన్నీ వేశాక ఒకటిన్నర అంగుళాల ఖాళీ మీ ఊరి రోడ్డుకి చాలదని తేలిందా? అయితే రెండు కాదు, ఒక అంగుళమే దించండి. ఫొటోలో ఆ అంగుళం తేడా ఎవరూ కనిపెట్టలేరు. సంక్రాంతికి అమ్మానాన్నలను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని గట్టు మీద వెళ్తున్నప్పుడు మాత్రం... వాళ్ల నడుముకి తెలుస్తుంది!